ఎంజీబీకి జంట ఎస్‌యూలా, ఒక్క వెబరా?

ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ కారు 1798 సీసీ ఇంజనుకు పెట్రోలును గాలిలో కలిపి అందించే జంట ఎస్‌యూ కార్బురేటర్లు సహజమైన జోడీ కాగా, వాటిని తీసేసి ఒకే వెబర్ 45 డీసీఓఈ కార్బురేటర్ బిగించడం ఔత్సాహికులు ఏనాటి నుంచో చేస్తున్న మార్పు.

ఎస్‌యూలో ఇంజను పీల్చే గాలిని బట్టి పిస్టన్ పైకి లేస్తుంది. దాని అడుగున ఉన్న కొనదేరిన సూది, పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమైన జెట్‌లోంచి పైకి జరిగినకొద్దీ పెట్రోలు దారి వెడల్పవుతుంది. పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే డాష్‌పాట్‌లో పలుచని నూనె పోయడం, రబ్బరు గొట్టాన్ని చెవికి ఆనించి రెండింటి బుస సమానంగా ఉందో లేదో వినడం ఇంటి దగ్గరే చేసుకోదగిన పనులు. గాలిని అదుపు చేసే రేకును తిప్పే థ్రాటిల్ కడ్డీ అరిగి గాలి దూరితే మాత్రం ఐడిలింగ్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను నెమ్మదిగా తిరగడం) నిలవదు. ఆ ఒక్క లోపానికే చాలామంది మొత్తం కార్బురేటర్‌ను నిందించి వెబర్ కొంటారు.

వెబర్‌లో గాలిదారి కొలత మారదు కనుక చోక్‌లు (గాలిదారిని ఇరుకు చేసే గొట్టాలు), జెట్‌లు, పెట్రోలులో గాలి కలిపే ఎమల్షన్ ట్యూబులు ఇంజనుకు తగినట్టు ఎంచుకోవాలి. పైగా ఈ ఇంజనులో రెండేసి సిలిండర్లకు ఒకే ఇన్‌లెట్ ద్వారం ఉండడంతో, సిలిండరుకో గొంతు (విడి గాలిదారి) అనే వెబర్ అసలు బలం ఇక్కడ అక్కరకు రాదు. కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్, సిలిండర్ల పైమూత అయిన హెడ్ మార్చిన పందెపు కారుకైతే వెబర్ సరే. రోడ్డు మీద తిరిగే కారుకు కొత్త కడ్డీలు వేసిన ఎస్‌యూలే నా ఎంపిక.