కోన్ టెస్ట్: గబగబా దించితే మేలా, నెమ్మదిగానా?

తిరుపతి చుట్టుపక్కల సాయిల్ టెస్ట్ అంటే చాలామందికి సుత్తి దెబ్బల ఎస్‌పీటీనే (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్). 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక గొట్టాన్ని నేలలోకి దించుతారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు, తర్వాతి 30 దిగడానికి పట్టిన దెబ్బలే లెక్క. గరుసు కలిసిన ఎర్రనేలకు ఇదే నయం. కోన్ టెస్ట్ అంటే శంకువు మొన ఉన్న కడ్డీని నేలలోకి నొక్కుతూ, మట్టి ఎంత అడ్డుకుంటుందో కొలవడం, అదే రీడింగు. ఎర్రనేలలో ఆ కోన్ రాయికి తగిలి ఆగిపోతుంది, ఇక దించే వేగం మాటెందుకు?

అసలు పేచీ పూడిన చెరువు ప్లాట్లలో, తడి బంకమన్ను దగ్గర వస్తుంది. కోన్‌కు ప్రామాణిక వేగం సెకనుకు 20 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 5. ఆ వేగంలో మట్టిలోని నీటికి తప్పుకునే వ్యవధి దొరకదు. వేగం పది రెట్లు పెంచితే మట్టి జిగట వల్ల రీడింగు సుమారు 10 శాతం పెరుగుతుంది. తగ్గిస్తే మొదట కాస్త పడిపోతుంది, ఇంకా తగ్గిస్తే మళ్లీ పెరుగుతుంది! నీరు పక్కకు జారుకుని, మొన చుట్టూ మట్టి గట్టిపడటమే కారణం. ఆ అంకె చూసి నేల బలంగా ఉందనుకుని హడావిడిగా మట్టికట్ట పోస్తే టెన్షన్ తప్పదు, ఎందుకంటే కట్ట పోసేటప్పుడు నీటికి అంత టైమ్ ఇవ్వం కదా.

స్వర్ణముఖి ఇసుకలో మాత్రం ఏ వేగమైనా పెద్ద తేడా ఉండదు, నీరు ఇట్టే కదిలిపోతుంది.

చిక్కంతా ఇసుకకీ బంకమన్నుకీ మధ్యరకమైన సన్నటి ఒండ్రుతోనే. 20 మిల్లీమీటర్ల వేగంలో నీరు సగం కదులుతుంది, సగం ఆగుతుంది. గట్టిగా కూరుకున్న ఒండ్రయితే వేగంగా గుచ్చినప్పుడు ఉబ్బడానికి చూస్తుంది, లోపలి నీటి ఒత్తిడి తగ్గి రీడింగు లేనిపోని బలం చూపిస్తుంది. నెమ్మదిగా దించితే ఆ బలం దిగిపోతుంది. నెమ్మది టెస్ట్‌కు డబ్బు పెట్టదగ్గది ఇక్కడే.

అలాగని లోతంతా నెమ్మదిగా దించమనను. సెకనుకు 0.2 మిల్లీమీటర్ల చొప్పున ఒక్క మీటరుకే దాదాపు గంటా ఇరవై మూడు నిమిషాలు పడుతుంది, ఈలోగా రిగ్ అద్దె పెరుగుతూనే ఉంటుంది. పైగా రీడింగు నుంచి నేల బలం తేల్చడానికి మనం వాడే చార్టులన్నీ ప్రామాణిక వేగానికి గీసినవే. అందుకని నా ఓటు 20 మిల్లీమీటర్లకే. అనుమానమున్న పొర దగ్గర కోన్ ఆపి, నీటి ఒత్తిడి ఎంతసేపట్లో తగ్గుతుందో చూడమనండి. ఒండ్రు తగిలితే ఆ పొరకు మాత్రమే పక్కన మరోచోట నెమ్మదిగా దించితే చాలు. రిపోర్టులో లోతు వెంట వేగం గ్రాఫు కూడా అడిగి తీసుకోండి, చేతిపంపుతో నడిచే రిగ్ అయితే మరీను.