బాయిలర్‌కి పెట్టిన చెవులు: ట్యూబు లీకేజీ పట్టే సిస్టమ్ రెండేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయను. మా 500 మెగావాట్ల బొగ్గు యూనిట్‌కి బాయిలర్ ట్యూబు లీకుల్ని శబ్దాన్ని బట్టి పట్టుకునే సిస్టమ్ ఒకటి పెట్టి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో షిఫ్ట్ డ్యూటీ ఉన్న ప్రతిసారీ దాని స్క్రీన్ ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి, బ్రోషర్‌లో లేనివి కొన్ని తెలిశాయి. ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి కంపెనీ ఖాతాలోది, అర మాది.

ఈ లైన్‌లో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పవర్ ప్లాంట్ బాయిలర్ అంటే నీళ్ళు కాగే పెద్ద డేగిసా కాదు, కిలోమీటర్ల కొద్దీ గొట్టాలు. బయట మంట, లోపల నీళ్ళు లేదా ఆవిరి. మా దాంట్లో గంటకి సుమారు 1,600 టన్నుల ఆవిరి, ఒత్తిడి 170 బార్ పైన, ఉష్ణోగ్రత 540 డిగ్రీలు. ఇంత గొట్టంలో ఎక్కడో ఒకచోట గుండుసూది మొనంత రంధ్రం పడిందనుకోండి, ఆ ఒక్క ట్యూబుతో పోతే పెద్ద బాధ లేదు. కానీ ఆ రంధ్రంలోంచి దూసుకొచ్చే ఆవిరి చుట్టూ ఉన్న బూడిదని కలుపుకుని, ఇసుక కొట్టినట్టు పక్క ట్యూబుని కోసేస్తుంది, అది పగిలి దాని పక్కదాన్ని కోస్తుంది. ఆపి, చల్లార్చి, లోపలికి దిగి చూస్తే ముందు పగిలింది ఏది, దాని వల్ల పోయింది ఏది అని తేల్చుకోవడానికే ఒక పూట పడుతుంది. యూనిట్ ఒక రోజు ఆగితే 1 కోటి 20 లక్షల యూనిట్ల కరెంటు పోయినట్టే. మళ్ళీ వెలిగించడానికి తగలేసే ఆయిల్ అదనం. బొగ్గు ప్లాంట్లు అనుకోకుండా ఆగిపోయే కారణాల్లో ట్యూబు లీకేజీ ఎప్పుడూ ముందు వరసలో ఉండేది ఇందుకే.

ఈ సిస్టమ్ రాకముందు లీకు ఎలా తెలిసేది? మేకప్ నీళ్ళు చూసేవాళ్ళం. తిరిగే నీళ్ళలో ఎంత తరిగితే అంత శుద్ధి చేసిన నీళ్ళు మళ్ళీ పోస్తాం కదా, ఒక శాతం లోపు ఉంటే అంతా బాగున్నట్టు లెక్క. వినడానికి బాగానే ఉంది గానీ 1,600 టన్నుల్లో ఒక శాతం అంటే గంటకి 16 టన్నులు. అందులో బ్లోడౌన్ (మురికి పేరకుండా బాయిలర్ నీళ్ళు కొంచెం బయటికి వదలడం) ఉంది, సూట్ బ్లోయర్లు (ట్యూబుల మీద పట్టిన మసిని ఆవిరితో ఊదేవి) తాగే ఆవిరి ఉంది, సరిగా మూసుకోని వాల్వుల్లోంచి కారిపోయేది ఉంది. గంటకి 2 టన్నుల లీకు ఆ లెక్కలో కలిసిపోయి కూర్చుంటుంది. లోపలికి వెళ్ళే నీళ్ళకీ (ఫీడ్ వాటర్) బయటికొచ్చే ఆవిరికీ (స్టీమ్ ఫ్లో) తేడా కనపడేసరికి, పొగని బయటికి లాగే ఐడీ ఫ్యాన్ తీసుకునే కరెంటు పెరిగేసరికి లోపల జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఇక మిగిలింది మనిషి చెవి. మా దగ్గర ఒక సీనియర్ ఫీల్డ్ ఆపరేటర్ ఉండేవాడు, రౌండ్‌కి వెళ్ళినప్పుడు పీప్ హోల్ (లోపలి మంట చూసే కన్నం) దగ్గర రెండు నిమిషాలు నిలబడి, ఫోన్ చేసి, "సార్, 38 మీటర్ల ఫ్లోర్‌లో ఎడమ వైపు బుస వినపడుతోంది, ఒకసారి పైకి వస్తారా" అనేవాడు. వెళ్తే నాకేమీ వినపడేది కాదు, అంతా ఒకటే హోరు. మర్నాటికి ఆయన చెప్పిందే నిజమయ్యేది. ఆయన రిటైరైన ఏడాదికి ఈ సిస్టమ్ కొన్నారు, కాకతాళీయం కాదనే నా అనుమానం.

సిస్టమ్ చేసేది కూడా ఆయన చేసిన పనే. మొత్తం 24 సెన్సర్లు, అంటే మైకులు. వాటిని నేరుగా మంటలో పెట్టలేరు కాబట్టి బాయిలర్ గోడలోంచి ఒక స్టీలు గొట్టం బయటికి తీసి దాని చివర మైకు బిగిస్తారు. లోపలి శబ్దం ఆ గొట్టం వెంట వస్తుంది. మంట గర్జన ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, ఆవిరి చిమ్మే శబ్దం పై ఫ్రీక్వెన్సీల దాకా పాకుతుంది, ఆ తేడాని పట్టుకుని లెక్క కడుతుంది. కంట్రోల్ రూంలో స్క్రీన్ మీద 24 నిలువు గీతలు, మామూలుగా పచ్చగా, అనుమానం వస్తే పసుపు, గట్టిపడితే ఎరుపు. వెనక్కి వెళ్ళి నెల రోజుల ట్రెండ్ చూసుకోవచ్చు. నాకు బాగా నచ్చింది హెడ్‌ఫోన్. ఏ ఛానల్ కావాలంటే అది నొక్కి, కుర్చీలో కూర్చునే ఫర్నేస్ లోపల ఏం జరుగుతోందో వినొచ్చు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను ముందు వినిపించేది ఇదే, మంచి బాయిలర్ ఎలా మోగుతుందో తెలియకపోతే చెడింది ఎలా తెలుస్తుంది?

మొదటి మూడు నెలలూ నరకం. సూట్ బ్లోయర్ నడిచిన ప్రతిసారీ అలారం. సూట్ బ్లోయర్ కూడా ఆవిరి ఊదేదే, దాని శబ్దమూ లీకు శబ్దమూ అన్నదమ్ములు. ఏ బ్లోయర్ ఎప్పుడు నడుస్తోందో సిస్టమ్‌కి తెలిసేలా సిగ్నల్ కలపాలి, ఆ కేబుల్ పని ఎవరిదన్న వాదనలోనే ఆ మూడు నెలలూ గడిచాయి. ఈలోగా మావాళ్ళు చేసిన పని ఏంటంటే, అలారం సౌండ్ ఆపేశారు. క్లింకర్ (గడ్డకట్టిన బూడిద) పొడవడానికి ఎవరో మ్యాన్ హోల్ తలుపు తెరిచినా ఎరుపు, డ్రెయిన్ వాల్వు సరిగా మూసుకోక కారినా ఎరుపు, ఎన్నిసార్లని లేచి చూస్తాం అని. నేనూ అందులో ఉన్నాను. అందుకే ఆ అర మార్కు మాది అన్నది.

అసలు పరీక్ష ఏడో నెలలో వచ్చింది. సాయంత్రం 4 గంటలకి 17వ ఛానల్ పసుపు. ఎకనమైజర్ వైపు, అంటే బయటికెళ్ళే వేడి గ్యాసుతో నీళ్ళని ముందే వేడిచేసే ట్యూబుల దగ్గర. అరగంట ముందే సూట్ బ్లోయింగ్ అయింది కాబట్టి దాని తాలూకు అనుకుని వదిలేశాం. 5 అయినా దిగలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని 16, 17, 18 మార్చి మార్చి విన్నా. 16లో మామూలు హోరు. 17లో ఆ హోరు మీద సన్నగా, తెగకుండా, ప్రెషర్ కుక్కర్ విజిల్ వచ్చే ముందు పెట్టే సొద లాంటిది. మేకప్ చూస్తే మామూలే. ఫీల్డ్‌కి మనిషిని పంపితే ఏమీ వినపడలేదన్నాడు. "మేకప్ పెరగలేదు కదయ్యా, దీన్ని నమ్మి యూనిట్ ఆపమంటావా" అని మా బాస్ టెన్షన్ ఆయనది. ఆపొద్దు సార్, మెటీరియల్ మాత్రం రెడీ పెడదాం అన్నా. దానికి ఒప్పుకున్నారు. ఆ రాత్రి ట్యూబు ముక్కలు కోసి అంచులు చెక్కి పెట్టారు, వెల్డర్లకి కబురు వెళ్ళింది, పరంజా సామాను ఆ ఫ్లోర్‌కి ఎక్కింది. మర్నాడు పగలు 11 గంటలకి మేకప్ కదలడం మొదలైంది. అంటే 19 గంటల ముందు ఈ పెట్టె చెప్పిందన్నమాట. గ్రిడ్ వాళ్ళతో మాట్లాడి, ఆ రాత్రి డిమాండ్ తగ్గాక 11కి లోడు దించి ఆపాం.

లోపలికి దిగితే పోయినవి రెండే ట్యూబులు. 52 గంటల్లో యూనిట్ మళ్ళీ గ్రిడ్ మీదకొచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు అదే ట్యూబుల గుంపులో లీకు ఆలస్యంగా తెలిసినప్పుడు 11 ట్యూబులు మార్చాం, నాలుగున్నర రోజులు పట్టింది. ఒక్క ఆ షట్‌డౌన్‌తోనే సిస్టమ్ పెట్టిన ఖర్చు రాబట్టిందని మా మేనేజ్‌మెంట్ లెక్క. నా లెక్క వేరు. ఆ 19 గంటలూ మేము చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే, ముందు తెలిసీ ఏమీ మిగిలేది కాదు. ట్యూబు స్టోర్‌లో లేని ప్లాంట్‌కి ఈ సిస్టమ్ ఎందుకు?

ఇప్పుడు ఆ ఒక్క మార్కు సంగతి. అమ్మేటప్పుడు "మెయింటెనెన్స్ అక్కర్లేదు సార్" అన్నారు. అబద్ధం. ఆ శబ్దం మోసే గొట్టాల్లో బూడిద చేరుతుంది. మా బొగ్గులో బూడిద 40 శాతం, చేరకుండా ఎలా ఉంటుంది? గొట్టం పూడితే మైకుకి ఏమీ వినపడదు, స్క్రీన్ మీద మాత్రం చక్కగా పచ్చగా ఉంటుంది. చెవిటివాడికి అంతా ప్రశాంతమే! అలాగే ఒకసారి ఫర్నేస్ కింది భాగంలో వాటర్‌వాల్ (ఫర్నేస్ గోడగా ఉండే నీళ్ళ ట్యూబులు) లీకు పూర్తిగా తప్పిపోయింది, 3వ ఛానల్ గొట్టం మూసుకుపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. మేకప్ చూసి పాత పద్ధతిలోనే పట్టుకున్నాం. ఫోన్ చేసి అడిగితే "నెలకోసారి రాడ్ పెట్టి పొడవండి సార్" అని తీరిగ్గా చెప్పారు. ఎయిర్‌తో తనంతట తనే ఊదుకునే ఏర్పాటు ఉందట, అది విడిగా కొనుక్కోవాలట. ఆ మాట కొనేటప్పుడు చెప్పాలి కదా. ఇంకోసారి వేడికి రెండు సెన్సర్ల ఎలక్ట్రానిక్స్ పోతే, వారంటీలో ఉండగానే సర్వీస్ మనిషి రావడానికి మూడు వారాలు పట్టింది.

పైగా దానికి అందని చోట్లు కొన్ని ఉన్నాయి. పై ఫ్రీక్వెన్సీ శబ్దం బూడిద నిండిన గ్యాసులో, ట్యూబుల గుంపుల మధ్య ఎక్కువ దూరం పోదు, అందుకే సెన్సర్లు దగ్గర దగ్గరగా ఉండాలి. మా దాంట్లో పెంట్ హౌస్‌లో, అంటే బాయిలర్ కప్పు పైన హెడర్లు (ట్యూబులన్నీ వచ్చి కలిసే లావు గొట్టాలు) ఉండే గదిలో, ఒక్కటీ పెట్టలేదు. రెండేళ్ళలో 5 లీకులొస్తే 4 పట్టుకుంది. నేనైతే బాగానే చేసినట్టు అంటాను.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఇది రంధ్రం పడ్డాక చెప్పేది. పడకుండా ఆపేది కాదు. మా 5 లీకుల్లో 3 బూడిద అరుగుదలవే. బూడిద వల్ల వచ్చే అరుగుదల గ్యాసు వేగానికి ఇంచుమించు మూడో ఘాతంలో పెరుగుతుంది, అంటే ఎక్కడైనా దారి ఇరుకై వేగం పావు వంతు పెరిగితే అరుగుదల దాదాపు రెట్టింపు. ఎకనమైజర్ బెండులకీ గోడకీ మధ్య సందులో జరిగేది అదే. అక్కడ షీల్డులు తొడగడం, గ్యాసుని సమంగా పంచే జాలీలు పెట్టడం, ఓవర్‌హాల్‌లో (యూనిట్ ఆపి చేసే పెద్ద మరమ్మతులో) ట్యూబుల మందం కొలవడం తప్ప వేరే మంత్రం లేదు. ఈ సిస్టమ్ వల్ల మాకు అనుకోకుండా కలిగిన లాభం, ఏ ఛానల్ దగ్గర ఎన్నిసార్లు పసుపు వచ్చిందో చూసి మందం కొలిచే పని అక్కడ మొదలుపెడుతున్నాం.

నాలుగోది ఓవర్‌హీటింగ్. లార్సన్, మిల్లర్ అని ఇద్దరు 1952లో ఇచ్చిన సూత్రం ఒకటుంది, ఆ లెక్కన 540 డిగ్రీల దగ్గర లక్ష గంటలు బతికే ట్యూబుని 550 దగ్గర నడిపితే 50 వేల గంటలకే అయిపోతుంది. పది డిగ్రీలకి సగం ఆయుష్షు! లోడు కోసం మెటల్ టెంపరేచర్ అలారాల్ని చూసీ చూడనట్టు వదిలేసే ప్రతి షిఫ్ట్‌కీ (నాదీ కలుపుకుని) ఈ లెక్క గోడ మీద రాసి పెట్టాలి.

ఐదోది కొత్త రకం, అటాచ్‌మెంట్ వెల్డ్ (ట్యూబుని ఇంకోదానికి అతికిన చోటు) దగ్గర పగులు. ఇదివరకు యూనిట్ నెలల తరబడి ఒకే లోడు మీద నడిచేది. ఇప్పుడు పగలు సోలార్ రాగానే సగానికి దించమంటారు, పొద్దు గుంకగానే పైకి ఎత్తమంటారు. మందపాటి హెడరూ పల్చటి ట్యూబూ ఒకే వేగంతో వేడెక్కవు, ఒకే వేగంతో చల్లారవు, రోజూ ఆ లాగులాటలో వెల్డు అలిసిపోతుంది. లోడు ఎక్కించే వేగానికి హద్దు పెట్టుకోవడం, ఆ వెల్డుల్ని ఆగినప్పుడల్లా పరీక్షించడం చేస్తున్నాం. రోజూ మారే లోడుతో బాయిలర్ సద్దు కూడా మారుతుంది కాబట్టి అలారం హద్దుల్ని లోడుని బట్టి మార్చుకోవాల్సి వచ్చింది. ఆ సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, మాన్యువల్‌లో సరిగా రాయలేదు, మేమే తంటాలు పడి నేర్చుకున్నాం.

కొనాలనుకునేవాళ్ళు బేరం కుదిరే ముందే ఎయిర్ పర్జ్ (గొట్టాల్ని గాలితో ఊదుకునే ఆ ఏర్పాటు) ఆర్డర్‌లో రాయించుకోండి, సూట్ బ్లోయర్ సిగ్నల్ కలిపే పని ఎవరిదో కాగితం మీద పెట్టండి, స్పేర్ సెన్సర్లు కనీసం నాలుగు తీసుకోండి, వాళ్ళ దగ్గర హెడ్‌ఫోన్ లేదంటే వేరే కంపెనీ చూసుకోండి. సెన్సర్ల జాగాలు వాళ్ళ డ్రాయింగ్‌కి వదిలేయకుండా మీ పాత లీకుల రిజిస్టర్ తీసి ఎక్కడెక్కడ పగిలాయో చూపించి పెట్టించండి. మేము ఆ పని చేయలేదు. పెంట్ హౌస్‌లో రెండు సెన్సర్లు పెట్టమని వచ్చే ఓవర్‌హాల్‌కి ఇప్పుడు రాసి పంపాం, పూడిన గొట్టాలు పొడిచే పని మాత్రం ప్రతి నెలా మొదటి సోమవారం నైట్ షిఫ్ట్ వాళ్ళది.