‘ఇఫ్ ఐ స్టే’: చెల్లో తీసేస్తే కథే లేదు

సంగీతం నేర్చుకునే కుర్రకారు ప్రేమకథలకు ఇంగ్లిష్ యంగ్ అడల్ట్ నవలల్లో కొదవలేదు. చాలావాటిలో హీరో భుజాన గిటార్ వేలాడుతూ ఉంటుంది గానీ, దాని తీగ ఒక్కటైనా తెగదు. శ్రుతి చేసుకోవడం ఉండదు, వేళ్లకు కాయలు కాయవు, మొదటి పాటే హిట్టు. అక్కడ గిటార్ బదులు క్రికెట్ బ్యాటు పెట్టినా కథకు వచ్చే లోటేమీ లేదు. గేల్ ఫోర్మన్ నవల ‘ఇఫ్ ఐ స్టే’ (2009) ఆ బాపతు కాదు. ఇందులో కథానాయిక మియా చేతిలోంచి చెల్లో (వయొలిన్ జాతిదే, కూర్చుని కమానుతో వాయించే పెద్ద వాద్యం) లాగేస్తే ఆమెకూ ఆమె ప్రియుడు ఆడమ్‌కూ మధ్య గొడవే మిగలదు.

కథ అమెరికా పడమటి తీరాన ఉన్న ఆరెగాన్ రాష్ట్రంలో జరుగుతుంది. మియాకు 17 ఏళ్లు, హైస్కూల్ చివరి సంవత్సరం. మంచు పడి బడికి సెలవిచ్చిన రోజు కుటుంబమంతా కారులో బయల్దేరుతుంది, దారిలో ప్రమాదం. అమ్మానాన్నలు అక్కడికక్కడే పోతారు. కోమాలో ఉన్న మియా తన శరీరాన్ని తానే బయటి నుంచి చూస్తూ, ఉండాలా వెళ్లిపోవాలా అని తేల్చుకోవాలి. అధ్యాయాలకు పేర్లు లేవు, గడియారం టైములే. ఉదయం 7:09తో మొదలై మర్నాడు పొద్దుటికి ముగుస్తుంది. ఆసుపత్రిలో జరిగేదంతా వర్తమాన కాలంలో, జ్ఞాపకాలన్నీ భూతకాలంలో రాశారు కాబట్టి ముందుకూ వెనక్కూ ఎంత తిరిగినా దారి తప్పం. ఇంగ్లిష్ నవలలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఇది పెద్ద సాయం. పుస్తకం కూడా చిన్నదే, దాదాపు 200 పేజీలు.

ప్రమాదం జరిగాక కూడా కారు రేడియో మోగుతూనే ఉంటుంది. అందులో వస్తున్నది బీథోవెన్ చెల్లో సొనాటా 3, అంటే చెల్లో, పియానో కలిసి వాయించే రచన. ఏదో ఒక క్లాసికల్ ముక్క అని పడేసిన పేరు కాదిది. ఆ పేజీ చదివే ముందు ఒకసారి విని చూడండి (ఏ మేజర్, ఓపస్ 69 అని వెతికితే దొరుకుతుంది). మొదటి భాగాన్ని చెల్లో ఒంటరిగా ఎత్తుకుంటుంది. పియానో కాసేపు ఆగి, ఆ తర్వాతే అందుకుంటుంది. పైగా ఇందులో ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కాదు, రెండూ సరిసమానం. మియా–ఆడమ్‌ల తగాదా మొత్తం ఈ లెక్క దగ్గరే ఉంది: ఇద్దరికీ సంగీతమే ప్రాణం, ఇద్దరిలో ఎవరు ఎవరి వెనక నడవాలి?

మన సినిమాల్లో అయితే పాట వద్దని నాన్న అడ్డుపడాలి. ఇక్కడ తిరకాసు వేరు. మియా నాన్న ఒకప్పుడు పంక్ (రాక్ సంగీతంలో ఒక రకం) బ్యాండ్‌లో డ్రమ్మర్, తర్వాత బడి పంతులయ్యాడు. అమ్మదీ రాక్ పిచ్చే. ఆ ఇంట్లో పుట్టి చెల్లో పట్టుకున్న పిల్లే తేడా మనిషి. ఎవరూ వద్దనకపోయినా పరాయిదానిలా అనిపించడం ఎలా ఉంటుందో ఫోర్మన్ బాగా పట్టుకున్నారు. ఆడమ్ రాక్ గిటారిస్టు, అతని ‘షూటింగ్ స్టార్’ బ్యాండ్ అప్పుడే పైకొస్తోంది. మియా దేశానికి ఆ చివర న్యూయార్క్‌లో ఉన్న పేరున్న సంగీత కళాశాల జూలియార్డ్‌కు ఆడిషన్ ఇస్తుంది. అంటే వాళ్ల మధ్య విలన్ ఎవరూ లేరు, ఉన్నది ఒక దేశమంత దూరం.

పుస్తకంలో అన్నిటికంటే మంచి ఘట్టం లేబర్ డే (సెప్టెంబరులో వచ్చే అమెరికా సెలవు దినం) నాడు మియా ఇంట్లో జరిగే విందు. రాత్రి నెగడు చుట్టూ గిటార్లు మోగుతుంటే, వాళ్లంతా బలవంతపెట్టి మియా చేత కూడా చెల్లో వాయింపజేస్తారు. కుదరదనుకున్నది కుదురుతుంది. ఎందుకు కుదిరిందో రచయిత్రి విడమరచరు గానీ కారణం ఉంది. చెల్లో అడుగు తీగ స్వరం ‘సి’, గిటార్ అడుగు తీగ స్వరం ‘ఈ’ కంటే కిందికి దిగుతుంది. గిటార్ నాదం మీటగానే సన్నగిల్లుతూ పోతుంది, కమానుతో లాగే చెల్లో నాదాన్ని కావలసినంత సేపు నిలబెట్టొచ్చు. గిటార్ల మధ్య ఖాళీని అది కింది నుంచి నింపేస్తుంది. పెద్ద ప్రేమ డైలాగులు చేయలేని పని ఆ నాలుగు పేజీలూ చేశాయి.

లోటు సాధన దగ్గర. జూలియార్డ్ దాకా వెళ్లే పిల్ల రోజూ ఏం వాయిస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది చాలా తక్కువ. చెల్లో ఆడిషన్ అంటే సాధారణంగా బాఖ్ ఒంటరి చెల్లో కోసం రాసిన సూట్లలో ఒక భాగం, ఏదో ఒక కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) తప్పవు. తాతయ్య కారులో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి ఆడిషన్ ఇచ్చిన ఘట్టం మనసుకు హత్తుకుంటుంది, కానీ చేతివేళ్లు కనబడవు. నున్నటి నేల మీద చెల్లో కింది కడ్డీ జారడం, కమానుకు రాసే రోజిన్ (ఒక రకం చెట్టు బంక) తక్కువైతే అది తీగ మీద పట్టు దొరక్క జారిపోవడం, చలికి గాలి పొడిబారి శ్రుతి తప్పడం వంటివి ఆ వాయిద్యం పట్టినవాళ్లకు నిత్యం ఎదురయ్యేవే. రెండు మూడు పేజీలు వాటికి కేటాయించి ఉంటే మియా ఇంకా నమ్మదగ్గ మనిషయ్యేది. ఆడమ్ కూడా అవసరానికి మించి మంచివాడు. అతన్ని ఐసీయూలోకి పంపడానికి పేరున్న రాక్ గాయని వచ్చి హడావుడి చేసే భాగం పూర్తిగా సినిమా ఫక్కీ. పుస్తకంలో మరీ తేలిపోయింది అదే.

రెండో భాగం ‘వేర్ షీ వెంట్’ 2011లో వచ్చింది. మూడేళ్ల తర్వాత న్యూయార్క్‌లో ఒక్క రాత్రి, ఈసారి కథ చెప్పేది ఆడమ్. అధ్యాయాల ముందు అతని పాటల సాహిత్యం పెట్టారు. బాణీ లేకుండా కాగితం మీద అవి చప్పగా ఉన్నాయి, దాటేసినా నష్టం లేదు. పేరొచ్చాక సంగీతం ఉద్యోగంలా మారడం, బ్యాండ్‌లో తోటివాళ్లతో మాటలు తగ్గడం మాత్రం మొదటి పుస్తకంలోని సాధన కంటే గట్టిగా పండాయి. ఒక జాగ్రత్త: మొదటిది పూర్తయ్యేదాకా దీని వెనక అట్ట చూడొద్దు. కోమా ఏమైందో అక్కడ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది.

2014లో వచ్చిన సినిమాలో క్లోయీ గ్రేస్ మోరెట్జ్ మియాగా చేసింది. పుస్తకం చదివాకే చూడండి. 14 ఏళ్లు దాటిన పిల్లలకు ఇవ్వొచ్చు. ప్రమాదం వర్ణన మాత్రం పచ్చిగా ఉంటుంది, ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలకైతే కొన్నాళ్లు ఆగి ఇవ్వడం మేలు.