తెల్ల బోర్డు బండి, మరవంతె సముద్రం

కారుకు కట్టిన అడ్వాన్సు 3,200లో చివరికి పోయింది 2,200 రూపాయలే, దాని గురించి ఏడవడం లేదు. పోయిన తీరుకే కడుపు మంట. మంగళూరులో విమానం దిగి, అక్కడే సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని, సముద్రం పక్కనే గోకర్ణం దాకా పోదామనుకునేవాళ్లు మా అనంతపురంలో ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్లు డబ్బులు కట్టే ముందు ఇది చదివితే చాలు.

బెంగళూరు నుంచి మంగళూరుకు విమానం ఏంది, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు కదా అని మా వీధిలో అందరూ నవ్వినారు. కారణం మా అమ్మ. ఆమెకు ఘాట్ రోడ్డు పడదు. తిరుమల కొండ ఎక్కేసరికే రెండు కవర్లు, నాలుగు నిమ్మకాయలు కావాలి. మంగళూరు రోడ్డులో వచ్చే శిరాడి ఘాట్ ఆమెకు చూపించే ధైర్యం నాకు లేదు, పైగా గట్టి వానలు పడితే ఆ దారిలో కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తుంటారు. విమానమైతే గంట పని. దసరా సెలవుల్లో తలకు 3,140 పడింది. అమ్మ, నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మా బామ్మర్ది, ఐదుగురం. అనంతపురం నుంచి దేవనహళ్లికి తెలిసినోళ్ల ట్యాక్సీ, టోల్‌తో కలిపి 4,200. ఊళ్లోకి దూరకుండా మన హైవే మీదనే ఎయిర్‌పోర్టు తగలడం ఒక్కటే బెంగళూరు మన జిల్లాకు చేసిన మేలు. అక్కడిదాకా చెప్పుకోడానికి ఏమీ లేదు, ఐదు కాఫీలకు, రెండు పఫ్‌లకు 1,150 తీసుకోవడం తప్ప.

మంగళూరు ఎయిర్‌పోర్టు కొండ నెత్తిన ఉంటుంది. కొండను చదును చేసి రన్‌వే వేశారు, అది అయిపోతే లోయే. టేబుల్‌టాప్ రన్‌వే అంటారంట. 2010లో దుబాయ్ నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడిందని, 158 మంది పోయారని మా బామ్మర్ది చెప్పుకొచ్చాడు. ఎప్పుడు చెప్పాడు? బయట చీకటి, వాన, అరగంటగా విమానం ఆకాశంలోనే చక్కర్లు కొట్టి ఇక దిగుతున్నాం అన్నప్పుడు, అమ్మ పక్కన కూచుని. అమ్మ కదిరి నరసింహస్వామిని పిలవడం మొదలుపెట్టింది. రన్‌వే లైట్లు కిటికీలో కనిపించాయి, ఇంక చక్రాలు తగులుతాయి అనుకుంటుండగా ఒక్కసారిగా మళ్లీ పైకి లేచిపోయింది. రన్‌వే సరిగ్గా కనిపించకపోతే పైలట్లు అలా లేపేస్తారని, అది మన మంచికేనని తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో మాత్రం విమానంలో ఒక్కరూ మాట్లాడలేదు. రెండోసారికి దిగింది. 6:50కి దిగాల్సింది 8:05 అయింది. మా ఆవిడ నాతో కాదు, వాళ్ల తమ్ముడితో మాట్లాడటం మానేసింది. అంతవరకు నాకు కాస్త సంతోషమే.

ఇంక అసలు కథ. కారు బుక్ చేసింది కూడా ఆ తమ్ముడే. ఆన్‌లైన్‌లో ఏడు సీట్ల బండి, మూడు రోజులకు 9,600, అందులో 3,200 అడ్వాన్సు, తిరిగిచ్చే డిపాజిట్ 5,000. బండి అరైవల్స్ గేటు దగ్గరకే తెచ్చిస్తాం అని రాసుంది. బ్యాగులు తీసుకుని 8:30కి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తే "ఫైవ్ మినిట్స్ సార్". 8:50కి చేస్తే అదే మాట. 9:15కి చేస్తే ఫోన్ ఎత్తలేదు. వాన జల్లు లోపలికి కొడుతోంది, అమ్మ సూట్‌కేసు మీద కూచుంది, పాప నా భుజం మీద నిద్రపోయింది. మాతో దిగినవాళ్లందరూ ఎవరి బండ్లు వాళ్లెక్కి వెళ్లిపోయారు. కొత్త ఊళ్లో రాత్రిపూట గేటు ముందు ఖాళీ అయిపోతుంటే వచ్చే టెన్షన్ వేరే.

9:50కి వచ్చాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, చేతిలో తాళాలు, మొహంలో ఏ బాధా లేదు. డిపాజిట్ 15,000 అన్నాడు. ఐదు వేలు కదా అంటే, పండగ సీజన్ అన్నాడు. ఒరిజినల్ ఆధార్ కార్డు కూడా ఇచ్చిపోవాలంట. సరే ఈ బేరం తర్వాత ఆడదాంలే, ముందు అమ్మను కూచోబెడదాం అని బండి దగ్గరికి పోతే తెల్ల ప్లేటు. కేఏ 19, తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మనమే నడుపుకునే అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. డ్రైవర్‌తో వచ్చే ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు అంటే ఎవరిదో ఇంటి బండి, దాన్ని అద్దెకు తిప్పకూడదు. "పోలీసులు ఆపితే ఫ్రెండ్ బండి అని చెప్పండి సార్, ఏం కాదు" అన్నాడు కుర్రాడు. మా బామ్మర్ది పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో, ఆ మాటతో వాడికి ప్రాణం వచ్చింది. "బావా, ఇది సొంత వాడకం పాలసీ. అద్దెకు తిప్పుతుండగా ఏమన్నా అయితే క్లెయిమ్ రూపాయి రాదు" అన్నాడు. మరి బుక్ చేసేటప్పుడు ప్లేటు చూసుకోలేదా నువ్వు అంటే, "ఫోటోలో నంబరు మసక చేసినారు బావా, ఏదో ప్రైవసీ అనుకున్నా" అన్నాడు. మీరూ చూడండి, ఫోటోలో నంబరు ప్లేటు చెరిపేసి ఉంటే ఆ పేజీ అక్కడే మూసేయండి.

నేను హిందీలో, బామ్మర్ది ఇంగ్లీషులో పావుగంట వాదించాం. కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. అప్పుడు అమ్మ లేచింది. అమ్మ పుట్టిల్లు మడకశిర వైపు, ఆమెకు కన్నడం తెలుగు ఒకటే. "నిన్ హెసరే గొత్తిల్వల్లో, ఫ్రెండ్ అంత హెంగ్ హేళ్లి?" అంది. నీ పేరే నాకు తెలియదు కదరా, స్నేహితుడివని ఎట్ల చెప్పాలి అని. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నవ్వేశాడు. కుర్రాడు మొదటిసారి తలెత్తి చూశాడు. అడ్వాన్సు వాపసు రాదు, కావాలంటే మెయిల్ పెట్టుకోండి అని చెప్పి బండి తీసుకుని వెళ్లిపోయాడు.

అడ్వాన్సు వదులుకుని ట్యాక్సీ మాట్లాడుకున్నాం. ఉడుపికి ఏడు సీట్ల పసుపు బోర్డు బండి 2,650. డ్రైవర్ యాభై దాటిన మనిషి, ఇంట్లో తుళు, బయట కన్నడం. అమ్మ కన్నడం విని మీది ఏ ఊరని అడిగి, ఆ తర్వాత అడిగిన మాట "ఊట ఆయ్తా అమ్మా?" తిన్నారా అని. మధ్యాహ్నం నుంచి మమ్మల్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. తినలేదని తెలిసి ముల్కి దాటాక సగం షట్టర్ దించేసిన హోటల్ ముందు ఆపి, లోపలికి పోయి మాట్లాడొచ్చాడు. వేడి గంజి, ఉప్పుడు బియ్యంతో చేసింది, పక్కన మామిడికాయ ఊరగాయ, కొబ్బరి చట్నీ. రాత్రి పదకొండు గంటలకు, వానలో, ఐదుగురికి 280 రూపాయలు. ఇంట్లో జ్వరం వస్తే కూడా గంజి వద్దనే మా పాప రెండు గిన్నెలు తాగింది. ఉడుపి చేరేసరికి పన్నెండున్నర, ఫోన్ చేసి చెప్పినందుకు హోటల్ వాళ్లు గదులు ఉంచారు. రెండు గదులు, ఒక్కోటి 2,400, శుభ్రంగా ఉన్నాయి.

ఆ డ్రైవర్‌నే మూడు రోజులకు మాట్లాడేశాం. కిలోమీటరుకు 16, రోజుకు తక్కువలో తక్కువ 250 కిలోమీటర్ల లెక్క, బత్తా రోజుకు 400. మొత్తం 13,200. టోల్, పార్కింగ్ కలిపి ఇంకో 640. నిజానికి ఆయన వెనక్కి పోయే దూరం కలిపినా 500 దాటలేదు, కట్టింది 750కి, ఆ నొప్పి కాస్త ఉంది. కానీ సెల్ఫ్ డ్రైవ్ లెక్క చూడండి. 9,600, పైన పెట్రోలు ఎంత లేదన్నా 4,000, చివర్లో మేం రైలెక్కే కుమ్టాలో బండి వదిలేస్తే మరో 2,000. ఏం మిగిలింది? పైగా నేను స్టీరింగు పట్టుకుని ఉంటే సముద్రం చూసేదెవరు?

శుక్రవారం ఉడుపి కృష్ణుడి గుడి. మగవాళ్లు చొక్కా విప్పి లోపలికి పోవాలి, మా బామ్మర్ది పొట్ట లోపలికి పీల్చి ఊపిరి బిగబట్టి నడిచాడు. కృష్ణుణ్ణి తొమ్మిది చిల్లుల వెండి కిటికీలోంచే చూడాలి. బయట గోడకు ఉన్న కనకన కిండి, అంటే కనకదాసు కిటికీ, దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. కురుబవాడని కనకదాసును లోపలికి రానివ్వకపోతే కృష్ణుడే వెనక్కి తిరిగి ఆయనకు దర్శనమిచ్చాడంటారు. మన జిల్లాలో కనకదాస జయంతి ఎంత బాగా చేస్తారో తెలిసిందే కదా, ఆ కిటికీ ఇక్కడుందని నాకూ అప్పుడే తెలిసింది. మల్పెలో సెయింట్ మేరీస్ దీవికి పడవలు వేయలేదు, సముద్రం ఎగురుతోందన్నారు. సాయంత్రం కాపు లైట్‌హౌస్, 1901 నాటిది, రాతిగుట్ట మీద ఉంది. గాలికి పాప టోపీ పోయింది.

శనివారం మరవంతె. దీనికోసమే ఈ ప్రయాణం అనుకోండి. కుందాపుర దాటాక ఉత్తరానికి పోతుంటే హైవేకి ఎడమ పక్క అరేబియా సముద్రం, కుడి పక్క సౌపర్ణిక నది, మధ్యలో రోడ్డు ఒక్కటే. నది సముద్రం దగ్గరదాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగిపోతుంది, చాలా దూరం పోయాక ఎక్కడో కలుస్తుంది. ఎడమ పక్క అలలు బండరాళ్లను కొట్టి రోడ్డు మీదికి తుంపరలు చల్లుతున్నాయి, కుడి పక్క నది కదలకుండా కొబ్బరి చెట్ల నీడలు మోస్తూ పడుకుని ఉంది, దాని వెనకాల మబ్బుల్లో పడమటి కనుమలు. డ్రైవర్ అందరూ ఆపే చోట ఆపలేదు, కాస్త ముందుకు పోయి రోడ్డుకు దూరంగా, ట్రక్కులు మీదికి రాని చోట ఆపాడు. మేం పెన్నలో నీళ్లొచ్చాయని తెలిస్తే టిఫిన్ కట్టుకుని చూడ్డానికి పోయే జనం. అమ్మ ఇటు చూసి, అటు చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకుని కూడా వీళ్లు బావి తవ్వుకుంటారా నాయనా" అని డ్రైవర్‌ను అడిగింది. తవ్వుకుంటారు, ఎండాకాలం కొన్ని చోట్ల ఉప్పు తేలుతుంది అన్నాడాయన. అమ్మకు అది బాగా నచ్చింది. అందరికీ ఏదో ఒక కష్టం ఉందిలే అని కాఫీ అడిగింది.

మధ్యాహ్నం ఆయనే ఒక ఇంటి మెస్‌కు తీసుకెళ్లాడు, బోర్డు కూడా సరిగ్గా లేదు. ఎర్ర ఉప్పుడు బియ్యం అన్నం, చేపల పులుసు, రవ్వ అద్ది వేయించిన బంగడె చేప, అంజల్ అని పిలిచే వంజరం ముక్కలు. మన వైపు చేప అంటే చెరువు చేప, మట్టి వాసన వస్తుందని నేను ముట్టను. ఇక్కడ అంజల్ ఒక ముక్క 220 అన్నారు, ఒకటి చెప్పి మూడు తిన్నాను. శనివారం కాబట్టి అమ్మకు సాంబారు, పెసలు వేసిన పల్యం, మజ్జిగ. ఐదుగురికి 1,340. డ్రైవర్ వేరే బల్ల దగ్గర తిని తన డబ్బులు తనే కట్టేశాడు, మేం కడతామన్నా వినలేదు.

మురుడేశ్వర్‌లో మళ్లీ మోసపోయాం, కానీ చిన్నది. సీ వ్యూ గది అని 4,500 చొప్పున రెండు. బాల్కనీలోంచి కనిపించేది పక్క లాడ్జి నీళ్ల ట్యాంకు, ఎడమ పక్కకు వంగి చూస్తే ట్యాంకుకు, కొబ్బరి చెట్టుకు మధ్య చెయ్యంత సముద్రం. అడిగితే రిసెప్షన్‌లో ఆయన "అదే సీ కదా సార్" అన్నాడు. వేడినీళ్లు పొద్దున 6 నుంచి 8 వరకే, అవీ బకెట్‌లో. అక్కడ శనివారం రాత్రి ఉండకండి, ధరలు రెండింతలు. గుడి మాత్రం గొప్పగా ఉంది, 123 అడుగుల శివుడు, 20 అంతస్తుల రాజగోపురం, లిఫ్టులో పైకి పోయి కిటికీలోంచి చూస్తే శివుడి మొహం ఎదురుగా, వెనకాల మూడు వైపులా సముద్రం. అసలు సీ వ్యూ అదే. రావణుడి చేతిలోని ఆత్మలింగం గోకర్ణంలో నేలకు అంటుకుపోతే, కోపంలో వాడు విసిరేసిన గుడ్డ పడిన చోటు ఇది అని అమ్మ పాపకు చెప్పింది. ఇంత దూరం విసిరాడా అంటే రేపు కార్లో లెక్కపెట్టు అంది.

ఆదివారం లెక్కపెట్టింది, సుమారు 75 కిలోమీటర్లు. దారిలో హొన్నావర దగ్గర శరావతి వంతెన మీద బండి నెమ్మదిగా పోనిచ్చాడు, జోగ్ జలపాతం దగ్గర దూకిన నది ఇక్కడ చెరువులాగా వెడల్పుగా పడుంది. గోకర్ణంలో రద్దీ, ఓం బీచ్ మెట్లు దిగి ఎక్కడానికి అమ్మ రాలేదు, కార్లోనే కూచుని డ్రైవర్‌తో వాళ్లింటి విషయాలన్నీ రాబట్టింది. పెద్దవాళ్లతో పోతే గోకర్ణం మానేసి మరవంతెలో ఇంకో పూట గడపండి అంటాను నేను. రాత్రి కుమ్టాలో బెంగళూరు రైలెక్కాం. ఘాట్ ఎప్పుడు ఎక్కిందో అమ్మకు తెలియదు, గురకపెట్టి నిద్రపోయింది. ఈ ముక్క ముందే తెలిసుంటే విమానం 15,700 మిగిలేది కదా అని మా ఆవిడ సోమవారం పొద్దున బెంగళూరు స్టేషన్‌లో అంది, అప్పుడు కూడా తమ్ముడి వైపే చూసి.

నాలుగు మెయిళ్లు పెట్టాక, 26 రోజులకు 3,200లో 1,000 వెనక్కి వేశారు. మిగతాది ప్రాసెసింగ్ చార్జీలంట. ఐదో మెయిల్ బామ్మర్ది రాస్తున్నాడు. అమ్మ మాత్రం మా వీధిలోకి ఎవరింటికి అద్దె బండి వచ్చినా ముందు చుట్టూ తిరిగి నంబరు ప్లేటు చూసి గానీ లోపలికి రావడం లేదు.