యూఎస్‌జీ నంబర్ 1 పాటరీ ప్లాస్టర్: కొత్తగా అచ్చులు పోసేవాళ్ళకి ఎలా ఉంటుంది?

స్లిప్ కాస్టింగ్ అంటే స్లిప్‌ని, అంటే పలచని మట్టి ద్రవాన్ని, ప్లాస్టర్ అచ్చులో పోసి పాత్రలు చేయడం. దానికోసం అచ్చులు పోయడం నేర్చుకుంటున్నవాళ్ళు అమెరికాలో ఉంటే కళ్ళు మూసుకుని కొనదగ్గ ప్లాస్టర్ ఇది, యూఎస్‌జీ అనే కంపెనీది. 50 పౌండ్ల బస్తాలో వస్తుంది. ఇంతకంటే గట్టిపడేవి ఇదే కంపెనీలో ఉన్నాయి. హైడ్రోకాల్, అల్ట్రాకాల్ 30 రాయిలా తయారవుతాయి, కానీ నీళ్ళు సరిగా పీల్చవు. వాటిని మాస్టర్ అచ్చులకి, అంటే మిగతా అచ్చులు తీయడానికి దాచుకునే మూల అచ్చులకి, ఉంచుకోండి. మట్టి తాకే అచ్చుకి ఇదే సరి.

కంపెనీ చెప్పే కొలత 100 భాగాల ప్లాస్టర్‌కి 70 భాగాల నీళ్ళు, అదీ బరువులో. గట్టిపడటానికి నిజంగా పట్టే నీళ్ళు దాదాపు 19 భాగాలే. మిగతావి ఆరిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి, స్లిప్‌లోని తడిని లాగేది ఆ రంధ్రాలే. నీళ్ళు ఎక్కువైతే అచ్చు బాగా పీలుస్తుంది గానీ అంచులు తొందరగా అరిగిపోతాయి. తక్కువైతే గట్టిగా ఉంటుంది, లోపల పోసిన టీ కప్పు గోడ కట్టడానికి చాలాసేపు పడుతుంది. రెండు ముక్కల అచ్చులో ఒక్కో ముక్క ఒక్కో పాళ్ళలో పోస్తే కప్పు ఒకవైపు మందంగా వచ్చి, ఆరేటప్పుడు వంకర పోతుంది. నీళ్ళ మీద పొడి తేలేదాకా చల్లే కంటి కొలత ఇక్కడ చాలదు. కాటా తప్పనిసరి. ఒక లీటరు మిశ్రమానికి 660 గ్రాముల నీళ్ళు, 945 గ్రాముల ప్లాస్టర్ సరిపోతాయి.

ఎప్పుడూ నీళ్ళలోకే పొడి వేయాలి. గుప్పెట్లోంచి వేళ్ళ సందుల్లో రాల్చినట్టు చల్లి, కదపకుండా రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. ఈ నానడం ఎగ్గొడితే ఉండలు కడుతుంది, బుడగలు మిగులుతాయి. తర్వాత చెయ్యి అడుగున పెట్టి, పైకి తీయకుండా రెండు నుంచి అయిదు నిమిషాలు కలపండి. వేలితో గీత గీస్తే అది క్షణంపాటు నిలిచిందంటే పోయడానికి సిద్ధం. మోడల్ (అచ్చు తీయాల్సిన అసలు వస్తువు) మీద నేరుగా పోయొద్దు, ధార పడ్డచోట గట్టి మచ్చ ఏర్పడి అక్కడ స్లిప్ సరిగా పట్టదు. మూలలో పోసి, మట్టాన్ని మెల్లగా పైకి రానివ్వండి. యంత్రంతో కలిపితే 14 నుంచి 24 నిమిషాల్లో సెట్ అవుతుందని కంపెనీ చెబుతుంది, చేత్తో కలిపితే ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు.

చెప్పినదానికంటే తొందరగా బిగుసుకుపోతోందా? బకెట్‌లో పాత ప్లాస్టర్ పెళ్ళలు ఉన్నాయేమో చూడండి. అవి తోడులా పనిచేస్తాయి. వేడి నీళ్ళు, అతిగా కలపడం మిగతా కారణాలు. ఆ బకెట్ మాత్రం సింకులో కడగొద్దు, పైపులోనే గట్టిపడుతుంది.

రెండో ముక్క పోసేముందు మొదటి ముక్క మీద మోల్డ్ సోప్ (ముక్కలు అతుక్కోకుండా పూసే సబ్బు) పూసి తుడవడం మూడు సార్లు చేయండి. నీటి చుక్క వేస్తే ఇంకకుండా జారిపోవాలి. ఇది సరిగా లేకపోతే రెండు ముక్కలూ ఒకే దిమ్మ అయిపోతాయి.

ఆరబెట్టడంలో తొందరపడితే అచ్చు పాడవుతుంది. వేడి 45 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి, ఓవెన్‌లో పెడితే ప్లాస్టర్ పొడిబారి రాలుతుంది. ఫ్యాన్ గాలి చాలు. ముక్కల్ని కలిపి కట్టి ఆరబెడితే వంగవు. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలినంతసేపూ ఇంకా తడి ఉన్నట్టే.

ఇక లోపం చెప్పాలంటే, అరుగుదల. స్లిప్ పలచగా పారడానికి అందులో వేసే సోడియం సిలికేట్, సోడా యాష్ ప్లాస్టర్‌ని మెల్లగా తినేస్తాయి. అచ్చు బయటివైపు తెల్లని నూగులా ఉప్పు కనిపిస్తే పొడి బ్రష్‌తో దులపండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు ఫాల్స్ సీలింగ్‌కి అమ్మే పీఓపీతో దీన్ని పోల్చొద్దు. అది భవనాల కోసం, దాని ప్రమాణం ఐఎస్ 2547. సిరామిక్ పనికి ఐఎస్ 2333 రకం అడగండి, పాళ్ళు ఆ బస్తా మీద ఉన్నవే పాటించండి. ఏ బస్తా అయినా విప్పగానే చెయ్యి పెట్టి చూడండి. గట్టి ఉండలు తగిలితే అది తేమ పట్టిన సరుకు. జల్లించి వాడే ప్రయత్నం చేయకుండా వెనక్కిచ్చేయండి.