పిల్లల మొదటి రైఫిల్‌గా ప్రెసిహోల్ ఎన్‌ఎక్స్100

వేట ఊసు ముందే వదిలేయండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దుప్పిని కొట్టడం నేరం. విజయవాడ, గుంటూరు పిల్లలకు సరిపోయేది 10 మీటర్ల దూరంలో కాగితం గురికి 0.177 అంగుళాల (గొట్టం లోపలి కొలత) ఎయిర్ రైఫిల్. తుపాకీ, బిల్లు రెండూ పెద్దవాళ్ల పేరు మీదే ఉండాలి.

మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్ ఎన్‌ఎక్స్100 స్ప్రింగ్ బలంతో పేలుతుంది కాబట్టి గాలి నింపే సిలిండర్, పంపు ఖర్చుండదు. నేర్చుకునేవాళ్లకు అదే పెద్ద మేలు. అయితే స్ప్రింగ్ బిగించడానికి బ్యారెల్ (గొట్టం) మడిచే బలం పిల్లాడికి ఉందో లేదో షాపులోనే చూసుకోండి. పెల్లెట్ (చిన్న గుండు) పెట్టేటప్పుడు బ్యారెల్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి. జారితే ఎగిరొచ్చి వేళ్లు నలిగిపోతాయి.

గురి తప్పుతోందంటే చాలాసార్లు తప్పు పట్టులోనే ఉంటుంది. స్ప్రింగ్ ముందుకీ వెనక్కీ కుదుపుతుంది కాబట్టి రైఫిల్ ముందు భాగంలోని చెక్కను గట్టిగా బిగించి పట్టకుండా తెరిచిన అరచేతిలో ఆనించాలి. తర్వాత చెక్క స్క్రూలు చూడండి, అదురుకు వదులవుతాయి. పెల్లెట్ లేకుండా పేల్చారా, లోపల గాలిని నెట్టే పిస్టన్ సీలు పోతుంది. మామూలు స్కోపు (గురి చూసే దుర్భిణి) ఈ కుదుపుకు నిలవదు, మొదటి ఏడాది అసలు వద్దు.

గురి వెనక మందంగా కట్టిన పాత పేపర్ల కట్ట పెట్టండి. ఇనుప రేకు పెడితే పెల్లెట్ తిరిగొస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.