ఏడేళ్లుగా డిక్కీలో ఉన్న పంక్చర్ సామాను: ఏది ఆదుకుంది, ఏది తీసేశాను

మేం ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. అమ్మానాన్నలు మదనపల్లెలో. నెలకోసారి హోస్కోట, చింతామణి మీదుగా ఊరికి వెళ్లొస్తాను, మిగతా రోజులు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు. 2018 నుంచి ఇప్పటిదాకా నా కారు టైర్లు పదకొండుసార్లు దిగిపోయాయి. అందులో రోడ్డు పక్కన చక్రం విప్పి మార్చింది మూడేసార్లు. మిగతా ఎనిమిదింటిలో ఎక్కువసార్లు గాలి కొట్టుకుని పంక్చర్ షాపుదాకా నడుపుకుంటూ వెళ్లిపోయాను. డిక్కీలో ఏం పెట్టుకోవాలని ఎవరడిగినా ముందు ఈ లెక్కే చెబుతాను. అందరూ జాకీ గురించే అడుగుతారు. నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది జాకీ కాదు.

ఈ సామానంతా కొనడానికి కారణం ఒక సాయంత్రం. 2018లో, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద, సన్నగా వాన పడుతోంది. స్టీరింగ్ కుడివైపు లాగడం మొదలుపెట్టింది, వెనక నుంచి టప్ టప్ మని చప్పుడు. నేను భయపడి ఉన్నచోటే ఆపేశాను, చూద్దామని కుడి డోరు తీసి దిగాను. అదే క్షణంలో ఒక బస్సు నా భుజానికి జానెడు దూరంలో వెళ్లింది. దాని గాలికి చున్నీ లేచి ముఖం మీద పడింది. ఒళ్లంతా చల్లబడిపోయింది. ఇంతలో ట్రాఫిక్ పోలీసు ఒకాయన పరుగున వచ్చి, "ముందె హోగి, ఇల్లి నిల్లిసబేడి, టైర్ హోదరె హోగలి" అన్నాడు. ముందుకు పోండి, ఇక్కడ ఆపొద్దు, టైరు పోతే పోనీ అని. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని, మనిషి నడిచేంత వేగంతో ఫ్లైఓవర్ దిగి సర్వీస్ రోడ్డులోకి వెళ్లాను. టైరు నిజంగానే పోయింది. విప్పి చూస్తే లోపల సైడ్‌వాల్, అంటే టైరు పక్కభాగం, నలిగి రబ్బరు పొడి అయిపోయి ఉంది. గాలి లేకుండా కొద్ది దూరం నడిపినా అంతే, చిన్న మేకు పంక్చరే అయినా ఆ టైరు ఇక పనికిరాదు. కొత్త టైరుకు నాలుగు వేలు అయింది. ఆ నాలుగు వేలకు నాకు ఈరోజుకీ బాధ లేదు.

మర్నాడే గాలి కొట్టే మిషన్ కొన్నాను. ఇన్‌ఫ్లేటర్ అంటారు. కారులో ఫోన్ చార్జింగ్ పెట్టే 12 వోల్టుల సాకెట్‌కు తగిలించే రకం, తీగ మూడు మీటర్లు. నా కారు డోరు పక్క స్టికర్ మీద 33 పీఎస్ఐ అని ఉంటుంది, పీఎస్ఐ అంటే టైరులో గాలి ఒత్తిడికి కొలత. 20కి పడిన టైరును 33కి తేవడానికి ఇది దాదాపు ఐదు నిమిషాలు తీసుకుంటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి కొడతాను, లేకపోతే బ్యాటరీ మీద భారం. కావలసిన అంకె ముందే పెడితే అక్కడికి రాగానే దానంతట అదే ఆగుతుంది. అంకె ఒకటో రెండో ఎక్కువ చూపిస్తుంది, పెట్రోల్ బంకు మీటరుతో పోల్చుకుని అది గుర్తుపెట్టుకున్నాను. గొట్టం చివరి ఇత్తడి మూతి మాత్రం విపరీతంగా కాలిపోతుంది. మొదటిసారి విప్పేటప్పుడు రెండు వేళ్లు చురుక్కుమన్నాయి, అప్పటినుంచి మిషన్ సంచిలో ఒక పాత నూలు గుడ్డ పెట్టుకున్నాను. పది నిమిషాలకు మించి ఆపకుండా నడపకూడదు. ఒకసారి సాకెట్ ఫ్యూజు పోయింది. ఒకే సాకెట్‌కు రెండు మూడు తగిలించే స్ప్లిటర్ పెట్టి, దానికే ఫోన్ కూడా తగిలించడం నా తప్పు. ఇప్పుడు స్ప్లిటర్ లేదు, అదే రకం ఫ్యూజులు రెండు గ్లవ్‌బాక్సులో ఉన్నాయి.

టైరులో మేకు కనబడగానే చెయ్యి దాని మీదికే పోతుంది. లాగకండి. మేకు ఉన్నంతసేపు చిల్లుకు అదే బిరడా. నాకు చాలాసార్లు మేకు అలాగే ఉండి రాత్రికి రాత్రి 33 నుంచి 24కి మాత్రమే పడింది. పొద్దున గాలి కొట్టుకుని నిదానంగా షాపుకు వెళ్లడానికి అది చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద మేకులకు కొదవ లేదు. అయస్కాంతం పట్టుకుని ఆ రోడ్డు మీద మేకులు ఏరిన ఒక ఉద్యోగి గురించి అప్పట్లో పత్రికల్లో చాలానే వచ్చింది. ఆ తర్వాత మెట్రో పనులు మొదలై తీగ ముక్కలూ తోడయ్యాయి.

ఈ మిషన్‌కు చేతకానిదీ ఉంది. టైరు రిమ్ము నుంచి విడివడి పూర్తిగా చప్పబడితే, ఎంతసేపు కొట్టినా పక్కల నుంచి గాలి పోతూనే ఉంటుంది. సైడ్‌వాల్ చీలినా అంతే. అందుకే దిగిపోతోందని ముందే తెలియాలి. 2022లో వాల్వు మూతల స్థానంలో బిగించే ప్రెషర్ సెన్సర్లు తీసుకున్నాను, డాష్‌బోర్డు మీద చిన్న తెర. నాకు ఇవి బాగా నచ్చాయి, కానీ పూర్తి మార్కులు వేయలేను. లోపలి రబ్బరు వాషరు అరిగి ఒక సెన్సరే గాలి వదిలేసింది. సబ్బు నీళ్లు పోస్తే బుడగలు వచ్చాక గానీ దొంగ దొరకలేదు. ఏడాదికోసారి బటన్ బ్యాటరీ మార్చాలి. హెచ్చరిక అంకె 30 దగ్గర పెడితే డిసెంబరు పొద్దుల్లో ఊరికే కూస్తుంది, ఎందుకంటే వేడి పది డిగ్రీలు తగ్గితే గాలి రెండు పీఎస్ఐ దాకా తగ్గుతుంది. నేను 26 పెట్టుకున్నాను. ఇన్ని లోపాలున్నా, ఒకరోజు మహదేవపుర దగ్గర అది 25 చూపించి కూయగానే పక్కనున్న బంకులోకి తిప్పేశాను. స్టీరింగులో నాకు తేడా ఇంకా తెలియనే లేదు. హెబ్బాళలో నా దగ్గర లేనిది సరిగ్గా ఇలా ముందే తెలిసే పది నిమిషాలే. నేను డబ్బు పెట్టేటప్పుడు ఇప్పుడు చూసేది అదొక్కటే, ఈ వస్తువు నాకు ఎంత సమయం ఇస్తుంది అని.

ఇక చక్రం మార్చడం. 2021 వానాకాలంలో అమ్మను తీసుకుని వస్తుంటే చింతామణికి కాస్త ఇవతల గుంతలో పడి ముందు ఎడమ టైరు పక్క చీలింది. పెద్ద చప్పుడు. బ్రేకు తొక్కలేదు. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, వేగం దానంతట అది తగ్గాక ఎడమకు తెచ్చాను. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే బండి గిర్రున తిరుగుతుంది. రోడ్డు దిగి ఒక చింతచెట్టు పక్కన గట్టిగా కనిపించిన నేల చూసి ఆపాను. అమ్మను ఎడమవైపు దించి, దూరంగా చెట్టు అవతల నిలబెట్టాను.

ఎర్ర త్రికోణం తీసి వెనక్కి వంద అడుగులు వేసి పెట్టాను. అందరూ యాభై మీటర్లు అంటారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 28 మీటర్లు వస్తుంది, అంటే ఆ యాభై మీటర్లు రెండు సెకన్లు కూడా కాదు. మలుపు ఉంటే మలుపుకు అవతలే పెట్టాలి. కారుతో పాటు వచ్చిన త్రికోణం తేలిక, మొదటి లారీ గాలికే బోర్లా పడింది. మూడు కాళ్ల మీద రాళ్లు పెట్టాల్సి వచ్చింది. తర్వాత కాళ్లకు ఇనుప బద్దలున్న బరువైనది కొన్నాను. నూట యాభై రూపాయల పచ్చ రంగు మెరిసే జాకెట్ కూడా అప్పుడే కొన్నాను. చీకట్లో టైరు దగ్గర కూర్చున్న మనిషి లారీ డ్రైవరుకు కనబడడు, జాకెట్ కనబడుతుంది.

హ్యాండ్‌బ్రేకు, ఫస్ట్ గేరు, వెనక కుడి చక్రానికి ముందూ వెనకా రాళ్లు. జాకీ ఎక్కించకముందే నట్లు సగం చుట్టు వదులు చేయాలి, లేకపోతే చక్రం గాల్లో తిరుగుతుంది. అక్కడే ఆగిపోయాను. నట్లు కదల్లేదు. పది రోజుల కిందటే ఒక సర్వీస్ సెంటర్‌లో చక్రాలు అటూ ఇటూ మార్పించాను, వాళ్లు గాలితో నడిచే నట్లు బిగించే మిషన్‌తో అంత బిగించారు. కంపెనీ ఇచ్చిన ఎల్ స్పానర్ జానెడున్నర ఉంటుంది. దాని మీద ఎక్కి నిలబడ్డాను, నా యాభై ఐదు కిలోలు దానికి చాలలేదు. అమ్మ చెట్టు దగ్గర నుంచి "పాపా, ఆ కమ్మీ మీద ఎక్కొద్దే, జారితే కాలు పోతాది" అని అరుస్తోంది. ఆమె చెప్పింది నిజమే, నట్టు మీంచి స్పానర్ జారితే మోకాలు పగులుతుంది. దిగిపోయి ఇన్సూరెన్సు వాళ్ల రోడ్డు సహాయానికి ఫోన్ చేస్తే గంటా ఇరవై నిమిషాలు అన్నారు.

ఇంతలో టీవీఎస్ మీద పోతున్న ఒకతను ఆగాడు. చింతామణిలో అతనిది పంక్చర్ షాపట. ఆ ఊళ్లో తెలుగు కన్నడం కలిసే ఉంటాయి. "అక్కా, మిషన్‌తో కొట్టినారు, ఈ స్పానర్‌తో అయ్యేది కాదు" అని, బండి పెట్టెలోంచి ఒక ఇనుప గొట్టం తీసి ఎల్ స్పానర్‌కు తొడిగాడు. పిడి పొడవు రెండింతలైంది. అరచేత్తో నొక్కాడు, కిర్రుమంది. ఐదు నట్లూ ఐదు నిమిషాల్లో వదులయ్యాయి. జాకీ కింద నేల మెత్తగా ఉందని తన పెట్టెలోని చెక్కపలక ఒకటి పెట్టాడు. జాకీని బాడీ అంచు కింద ఎక్కడ పెట్టాలో కూడా చూపించాడు, అక్కడ రెండు చిన్న గంట్లు ఉంటాయి, వాటి మధ్యే పట్టాలి. విప్పిన చక్రాన్ని కారు కిందికి పడుకోబెట్టి తోశాడు. జాకీ జారితే బండి చక్రం మీద పడుతుంది, మనిషి మీద కాదు. డబ్బులిస్తే వంద తీసుకుని మిగతాది వెనక్కి ఇచ్చాడు.

ఆ వారమే చాపితే రెండడుగులు దాటే టెలిస్కోపిక్ స్పానర్ కొన్నాను, ఆరు వందలు. అడుగు చదరపు చెక్కపలక ఒకటి కోయించాను. రెండూ డిక్కీలోనే ఉన్నాయి, నా బలంతోనే నట్లు ఊడుతున్నాయి. సర్వీస్ సెంటర్‌లో ఎప్పుడు చక్రాలు విప్పినా, బయటికి వచ్చే ముందు నా స్పానర్‌తో ఒక్కో నట్టు వదులు చేసి మళ్లీ బిగిస్తాను. వాళ్లు వింతగా చూస్తారు, చూడనీ. బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి బిగించాలి, ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడాలి.

ఆరోజు ఇంకో సంగతి బయటపడింది. స్టెప్నీలో గాలి 14 మాత్రమే ఉంది. మూడేళ్లుగా నేను దాన్ని ముట్టుకోలేదు. ఇన్‌ఫ్లేటర్ ఉంది కాబట్టి గట్టెక్కాం. ఈ స్టెప్నీ అనే మాట వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్లో ఒక వీధి పేరు. 1904లో డేవిస్ సోదరులు అక్కడ అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. వాళ్ల వీధి పేరు మనకు ఇంటి మాట అయింది. కొత్త కార్లలో మాత్రం డిక్కీ తెరిచి చూసి కొనండి. ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెషర్ సెన్సర్లు, రిపేరు కిట్టు ఇస్తే మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల కార్లకు స్టెప్నీ ఇవ్వక్కర్లేదని 2020లో మోటారు వాహనాల నిబంధనలు మార్చారు. ఆరోజు నాకు స్టెప్నీ లేకపోయుంటే, పక్క చీలిన టైరుకు ఏ కిట్టూ పనిచేసేది కాదు. సన్నటి స్టెప్నీ ఇచ్చి ఉంటే దాని మీదే రాసి ఉంటుంది, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకూడదని, గాలి 60 పీఎస్ఐ అని.

టైరులో పోసే సీలెంట్ డబ్బా ఒకసారి వాడాను, ఇక కొనను. చిల్లు మూసుకుంది, కాదనను. కానీ లోపలంతా జిగురు ముద్ద పట్టి, షాపులో అతను గంటసేపు తుడిచి రెట్టింపు డబ్బు తీసుకున్నాడు. పైగా దానికి గడువు తేదీ ఉంటుంది. జిగురు తాడు కుక్కే పంక్చర్ కిట్టు కొని రెండుసార్లు అపార్టుమెంటు సెల్లార్‌లో వాడాను, బాగానే నిలిచింది. రోడ్డు పక్కన కూర్చుని మాత్రం దాన్ని తీయను. సూదితో చిల్లు గరుకు చేయడానికి చాలా బలం పట్టాలి, అంతసేపు వీపు ట్రాఫిక్ వైపు ఉంటుంది.

కుడివైపు టైరు పోతే, రోడ్డు మీంచి పూర్తిగా దిగే చోటు లేకపోతే, ఎంత మంచి సామానున్నా నేను విప్పను. అందరం దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లి ఫోన్ చేస్తాం. జాతీయ రహదారి అయితే 1033, ఎక్కడైనా 112. పక్కనున్న కిలోమీటరు రాయి మీద అంకె చెబితే వాళ్లకు చోటు వెంటనే తెలుస్తుంది.

ఏడేళ్ల తర్వాత ఇప్పుడు ఇన్‌ఫ్లేటర్ ఇత్తడి మూతిలో మరలు అరిగాయి, మూడు చుట్లు పట్టాల్సింది రెండే పడుతోంది, పక్కల నుంచి కాస్త గాలి పోతోంది. దసరాకు ఊరెళ్లేలోపు కొత్తది తీసుకోవాలి. తమ్ముడు బ్యాటరీది కొనమంటున్నాడు, తీగ గొడవ ఉండదని. వాడిదే ఎనిమిది నెలలు ఎండలో డిక్కీలో పడి ఉండి, అవసరమైన రోజు వెలగలేదు. నేను మళ్లీ తీగదే కొంటున్నాను, ఈసారి తీగ నాలుగు మీటర్లు ఉండేది, వెనక చక్రాలకు ఇప్పుడున్నది లాగి పట్టుకుంటేనే అందుతోంది.